ఘాట్ రోడ్డుపై చిన్న ద్విచక్ర వాహనాల గరిష్ఠ వేగం, ఇంజను శ్రమ

చిన్న ద్విచక్ర వాహనాలు అనగా సాధారణంగా 125 సి.సి.కి మించని ఇంజను గల మోటారు సైకిళ్ళు, స్కూటర్లు, మోపెడ్లు. వీటి గరిష్ఠ వేగం అని చెప్పుకునే సంఖ్య సమతలమైన రోడ్డుకు, ఒక్క మనిషి బరువుకు సంబంధించినది. తూర్పు కనుమలలోని అరకులోయ, అనంతగిరి, పాడేరు ప్రాంతాల ఘాట్ రోడ్లపై ఈ సంఖ్యకు పెద్దగా అర్థం ఉండదు. ఎక్కుడు దారిలో బండి నెమ్మదిగా పోతున్నా ఇంజను మైదానంలో వేగంగా పోయేటప్పుడు చేసినంత పని చేస్తూ ఉంటుంది. ఆ పనివల్ల పుట్టే వేడిని తీసుకుపోవలసిన గాలి మాత్రం తక్కువగా తగులుతుంది. ఈ ప్రాంతంలో ఇంజన్లు పాడవడానికి ముఖ్య కారణం ఇదే. దిగుడు దారిలో సమస్య తలక్రిందులై, భారం ఇంజను నుండి బ్రేకులపైకి మారుతుంది.

ప్రాంతం, రహదారి

అరకులోయ విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది ఒక మండల కేంద్రం. విశాఖపట్నం నుండి వచ్చే రోడ్డు శృంగవరపుకోట దాటిన తరువాత కొండల్లోకి ప్రవేశించి తైడ, అనంతగిరి, సుంకరమెట్ట మీదుగా అరకు చేరుతుంది. దారిలో గాలికొండ పరిసరాలలో రోడ్డు అరకు కంటే కూడా ఎత్తుకు పోయి, మళ్ళీ లోయలోకి దిగుతుంది. పాడేరు వైపు నుండి వచ్చే దారి కూడా ఘాట్ దారియే. రాజమహేంద్రవరం నుండి రంపచోడవరం, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం వైపు పోయే జాతీయ రహదారికి 516ఇ అని సంఖ్య ఇచ్చారు.

భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం పర్వత ప్రాంత రహదారుల ఏటవాలు సాధారణంగా 5 శాతం, తప్పనిసరి అయిన చోట్ల 7 శాతం వరకు ఉండవచ్చును. 5 శాతం అంటే నూరు మీటర్లు ముందుకు పోయేసరికి 5 మీటర్లు పైకి ఎక్కడం. రోడ్డుకు ఇన్ని మలుపులు పెట్టడం ఏటవాలును ఈ హద్దులో ఉంచడానికే. ఇదే కొండలను ఎక్కే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గానికి అంతకంటే చాలా తక్కువ ఏటవాలు కావలసి రావడంతో పదుల కొద్దీ సొరంగాలు తవ్వవలసి వచ్చింది. అయితే ఈ ప్రమాణాలు ప్రధాన రహదారులకే. రోడ్డు నుండి విడిపోయి కొండ మీది గూడేలకు పోయే మట్టిదారులు, సిమెంటు బాటలు అంతకు రెట్టింపు నిలువుగా ఉండడం సాధారణం. చిన్న బండికి అసలైన పరీక్ష అక్కడే.

వాడుకలోని వాహనాలు

1970, 80 దశకాలలో మైదాన ప్రాంతంలో విరివిగా తిరిగిన లూనా (1972), టి.వి.ఎస్. 50 (1980) వంటి 50 సి.సి. మోపెడ్లకు ఘాట్ ఎక్కే శక్తి అంతంత మాత్రమే. ఎత్తు వచ్చినప్పుడు ఇంజనుకు సాయంగా తొక్కడానికి లూనా వంటి బండ్లకు పెడళ్ళు ఉండేవి. 150 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను గల బజాజ్ చేతక్ స్కూటరు అదే కాలానికి చెందినది. 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ పరిస్థితిని మార్చాయి. తక్కువ పెట్రోలుతో నడిచే ఫోర్ స్ట్రోక్ ఇంజను, నాలుగు గేర్లు, తేలిక బరువు వీటి ప్రత్యేకతలు. 2001లో వచ్చిన హోండా యాక్టివా గేర్లు మార్చే అవసరం లేని స్కూటర్లకు ఆదరణ పెంచింది. 2015లో మార్కెట్టులోకి వచ్చిన టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. 100 పేరుకు మోపెడ్ అయినా 99.7 సి.సి. ఫోర్ స్ట్రోక్ ఇంజను గలది. సంతలకు సరుకు మోయడంలో దీనికి దీటైనది అరుదు.

కొండ ప్రాంతంలో మోటారు సైకిలు విహారానికి వాడే వస్తువు కాదు. మిరియాలు, పసుపు, రాజ్మా గింజలు, కాఫీ గింజల బస్తాలు గూడెం నుండి సంతకు, గిరిజన సహకార సంస్థ కొనుగోలు కేంద్రానికి చేరేది చాలా చోట్ల దీనిపైనే. రోడ్డు లేని గూడేల నుండి గర్భిణులను, రోగులను డోలీలో మోసుకువచ్చే పరిస్థితి ఇంకా పూర్తిగా పోలేదు. డోలీ దిగిన చోట తరచుగా సిద్ధంగా ఉండేది వంద సి.సి. మోటారు సైకిలే. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతాలలో ఫీడర్ అంబులెన్సుల పేరిట మోటారు సైకిళ్ళను ప్రవేశపెట్టింది. రోగిని వీటిపై పెద్ద రోడ్డు వరకు తెచ్చి 108 అంబులెన్సుకు అప్పగించడం వీటి ఉద్దేశం. కనుక ఇంజను దారిలో పట్టేయడం ఇక్కడ మరమ్మతు ఖర్చుతో పోయే విషయం కాదు.

గరిష్ఠ వేగం ఎలా నిర్ణయమవుతుంది

బండిని వెనక్కి లాగే బలాలు మూడు. మొదటిది చక్రాలకు, రోడ్డుకు మధ్య కలిగే దొర్లుడు నిరోధం. ఇది వేగంతో పెద్దగా మారదు. రెండవది గాలి నిరోధం. ఇది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అనగా వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. దానిని జయించడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది. మూడవది ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే ఉండే గురుత్వ బలం. ఇంజను చక్రానికి అందించగల సామర్థ్యం, ఈ మూడింటికీ కావలసిన సామర్థ్యం సమానమైన వేగమే ఆ దారిలో ఆ బండికి గరిష్ఠ వేగం.

ఉదాహరణకు 97.2 సి.సి. మోటారు సైకిలును తీసుకుందాము. బండి, ఇద్దరు మనుషులు, కొద్దిపాటి సామాను కలిపి 250 కిలోలు అనుకుంటే, దొర్లుడు నిరోధం సుమారు 37 న్యూటన్లు ఉంటుంది. సమతలమైన రోడ్డుపై గంటకు 80 కి.మీ. వేగంతో పోవడానికి చక్రం వద్ద సుమారు 4.8 కిలోవాట్లు కావాలి. దీనిలో అయిదింట నాలుగు వంతులకు పైగా గాలిని చీల్చుకుపోవడానికే సరిపోతుంది. ఇటువంటి ఇంజను గరిష్ఠ సామర్థ్యం సుమారు 8 అశ్వశక్తులు, అనగా 6 కిలోవాట్లకు కొంచెం తక్కువ. గొలుసు, గేర్లలో కొంత నష్టం పోగా చక్రానికి అందేది 5 కిలోవాట్ల చుట్టూ ఉంటుంది. కనుకనే ఈ తరగతి బండ్ల గరిష్ఠ వేగం గంటకు 80, 90 కి.మీ. మధ్య ఆగిపోతుంది. (స్పీడోమీటర్లు సాధారణంగా అసలు వేగం కంటే కొంచెం ఎక్కువే చూపిస్తాయి. నూరు దాటించామని చెప్పుకునేవారి మాటలను ఆ సంగతి గుర్తుంచుకుని వినడం మంచిది.)

ఇదే బండి 15 మీటర్లకు 1 మీటరు చొప్పున ఎక్కే ఘాట్ రోడ్డుపైకి వచ్చినప్పుడు గురుత్వ బలం ఒక్కటే 163 న్యూటన్లు. గంటకు 40 కి.మీ. వేగంతో ఎక్కడానికి మొత్తం 2.7 కిలోవాట్లు, 60 కి.మీ. వేగానికి సుమారు 5 కిలోవాట్లు కావాలి. అనగా మైదానంలో 80 చేసే బండికి ఇక్కడ 60 చేరడమే గగనం. ఏటవాలు 15 శాతం ఉన్న గూడెం దారిలో గంటకు 25 కి.మీ. వేగానికే సుమారు 3 కిలోవాట్లు ఖర్చవుతాయి. అందుకే అటువంటి చోట వెనుక కూర్చున్నవారు దిగి నడవడం కనిపిస్తుంది. అది బండి తక్కువతనం కాదు, లెక్క ప్రకారం జరిగేదే.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడడం మరొక కారణం. 1000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర తీరంలో కంటే సుమారు 9 శాతం తక్కువ. ఇంజను ప్రతి గుటకకూ పీల్చే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గి సామర్థ్యం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. పాత కార్బురేటరు బండ్లలో గాలి తగ్గినా పెట్రోలు తగ్గక మిశ్రమం చిక్కబడి, ప్లగ్గు నల్లబారేది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త పెట్రోలు బండ్లకు ఫ్యూయల్ ఇంజక్షన్ పద్ధతి వచ్చింది. ఇది గాలికి తగినంత పెట్రోలును తానే సర్దుకుంటుంది. పోయిన సామర్థ్యాన్ని మాత్రం తిరిగి తేలేదు.

ఇంజను శ్రమ

ఇంజను శ్రమ అనే మాటను జనం ఒకే అర్థంలో వాడినా, దానిలో మూడు వేర్వేరు విషయాలు ఇమిడి ఉన్నాయి.

మొదటిది చుట్ల వేగం. 97.2 సి.సి. ఇంజనులో పిస్టను పైనుండి క్రిందికి ప్రయాణించే దూరం 49.5 మిల్లీమీటర్లు. నిమిషానికి 8000 చుట్ల వద్ద పిస్టను నిమిషానికి 16000 సార్లు ఈ దూరం తిరుగుతుంది. సగటున సెకనుకు 13.2 మీటర్ల వేగం. అంతకంటే ముఖ్యమైనది, అది నిమిషానికి 16000 సార్లు పూర్తిగా ఆగి, వెనుదిరిగి బయలుదేరాలి. ఈ ఆగడం, బయలుదేరడం వల్ల కనెక్టింగ్ రాడ్డుపై, బేరింగులపై పడే బలం చుట్ల వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొదటి గేరులోనే థ్రాటిల్ చివరి వరకు తిప్పి గోల పెట్టించడం వల్ల కలిగే అరుగుదల ఈ రకం.

రెండవది దీనికి వ్యతిరేకం. పెద్ద గేరులో, తక్కువ చుట్ల వద్ద, నిండు థ్రాటిల్‌తో ఎక్కించడం. ఇందులో ఇంజను చప్పుడు తక్కువగా ఉండడం వల్ల శ్రమ లేదనిపిస్తుంది. నిజానికి సిలిండరులోని పీడనం ఎక్కువసేపు పిస్టనుపై నిలిచి, మిశ్రమం సక్రమంగా మండక ముందే పేలిపోయినట్లు మండి, టకటకమనే శబ్దం వస్తుంది. పిస్టను తల, రింగులు దెబ్బతినేది ఈ విధంగానే. ఆయిలు పంపు కూడా ఇంజను చుట్లతోనే తిరుగుతుంది గనుక సరిగ్గా బలం ఎక్కువ కావలసిన సమయంలోనే ఆయిలు తక్కువగా అందుతుంది. పెట్రోలు ఆదా అవుతుందని మూడవ, నాలుగవ గేరులోనే ఈడ్చడం చాలామంది అలవాటు. ఆదా అయినది తరువాత మెకానిక్కుకు చెల్లించవలసి వస్తుంది. ఏ గేరుకు ఏ వేగం తగునో కొన్ని బండ్ల స్పీడోమీటరుపై గుర్తులు ఉంటాయి. ఘాట్‌లో వేగం ఆ హద్దు కంటే పడిపోతున్నప్పుడు, బండి వణకడం మొదలు కాకముందే, ఒక గేరు తగ్గించాలి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, వేడి. పెట్రోలులోని శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలినది పొగగొట్టం ద్వారా, సిలిండరు గోడల ద్వారా వేడిగా బయటకు పోవాలి. 3 కిలోవాట్ల పని చేస్తున్న ఇంజను గోడల నుండి దాదాపు అంతే వేడి వెలువడుతుందనుకోవచ్చును. నీళ్ళు కాచుకునే ఒక కిలోవాటు హీటర్లు మూడు ఆ చిన్న సిలిండరులో పెట్టినట్లన్న మాట. మోటారు సైకిలులో ఈ వేడిని తీసుకుపోయేది సిలిండరు చుట్టూ ఉన్న రెక్కలకు తగిలే ఎదురుగాలి మాత్రమే. పైన చెప్పిన లెక్కలో ఘాట్‌పై గంటకు 40 కి.మీ. వేగంతో ఎక్కే ఇంజను, మైదానంలో 64 కి.మీ. వేగంతో పోయేటప్పుడు చేసినంత పని చేస్తున్నది. కాని దానికి తగిలే గాలి 40 కి.మీ.దే. గూడెం దారిలో 20 కి.మీ. వేగంతో ఎక్కేటప్పుడు తేడా ఇంకా ఎక్కువ. వెనుక నుండి గాలి వీచే రోజున ఎదురుగాలి దాదాపు లేనట్లే.

ఇంజనులో ఉండే ఆయిలు సుమారు ఒక లీటరు మాత్రమే. అది అతిగా వేడెక్కితే పలచబడి పిస్టనుకు, సిలిండరుకు మధ్య పొరగా నిలవదు. బండి లాగుడు తగ్గడం, కాలిన వాసన, కొత్తగా వచ్చిన చప్పుడు దీనికి సూచనలు. అప్పుడు చేయవలసినది నీడన ఆపి పది, పదిహేను నిమిషాలు ఆరనివ్వడమే. వేడి రెక్కలపై నీళ్ళు పోస్తే లోహం పగిలే ప్రమాదం ఉన్నది. బరువుతో తరచుగా ఘాట్ ఎక్కే బండికి కంపెనీ పుస్తకంలో చెప్పిన దూరం కంటే ముందే ఆయిలు మార్చడం, ప్రతి వారం మట్టం చూసుకోవడం అవసరం. ఎర్రమట్టి దారుల వల్ల గాలి వడపోత త్వరగా మూసుకుపోతుంది, రెక్కల మధ్య బురద ఎండి గాలిని ఆపుతుంది. ఈ రెండూ ఖర్చు లేని పనులు, అయినా ఎక్కువ మంది పట్టించుకోరు.

బరువు మోసేవారు వెనుక చక్రానికి ఎక్కువ పళ్ళున్న స్ప్రాకెట్ వేయించుకోవడం ఉన్నది. దీనివల్ల గరిష్ఠ వేగం తగ్గి, లాగే బలం పెరుగుతుంది. కొండవారికి ఇది లాభసాటి బేరమే.

స్కూటర్లలో వేరు

గేర్లు లేని స్కూటర్లలో ఇంజను సీటు క్రింద మూసి ఉంటుంది. ఎదురుగాలి తగలదు కనుక క్రాంకుకు ఒక ఫ్యాను అమర్చి గాలిని సిలిండరుపైకి తోస్తారు. బండి నెమ్మదిగా పోతున్నా ఇంజను వేగంగా తిరుగుతుంటే ఫ్యాను కూడా వేగంగా తిరుగుతుంది. ఈ ఒక్క విషయంలో స్కూటరు ఘాట్‌కు మోటారు సైకిలు కంటే అనువైనది. అయితే శక్తిని చక్రానికి చేర్చేది రబ్బరు బెల్టు. ఎక్కువ బరువుతో చాలాసేపు ఎక్కితే బెల్టు వేడెక్కి జారుతుంది. చిన్న చక్రాలు గోతులలో తొందరగా దెబ్బతింటాయి. విశాఖపట్నంలో అద్దెకు తీసుకున్న స్కూటరుపై ఇద్దరేసి అరకు ఎక్కే పర్యాటకులు ఈ పరిమితులను గుర్తుంచుకోవాలి.

ఘాట్ దిగేటప్పుడు

250 కిలోల బరువు 900 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 22 లక్షల జౌళ్ళు. ఇది 25 డిగ్రీల నీటిని దాదాపు 7 లీటర్లు మరిగే స్థితికి తేగలదు. గాలికి, చక్రాల నిరోధానికి కొంత పోగా మిగిలినదంతా బ్రేకులో, లేదా ఇంజనులో ఖర్చు కావాలి. డ్రమ్ము బ్రేకులను ఎడతెరిపి లేకుండా నొక్కి ఉంచితే లైనింగు వేడెక్కి పట్టు కోల్పోతుంది. లివరు పూర్తిగా నొక్కినా బండి ఆగదు. అందువల్ల ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. థ్రాటిల్ మూసి చిన్న గేరులో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకును విడతలు విడతలుగా వాడితే సరిపోతుంది. గేరు లేని స్కూటరులో ఈ పట్టు తక్కువ, వేగం బాగా పడిపోతే క్లచ్చు విడిపోయి అది కూడా ఉండదు.

పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో దిగడం ఈ దారిలో కనిపించే అత్యంత ప్రమాదకరమైన అలవాటు. మొత్తం ఎత్తు ఎక్కడానికి అదనంగా అయ్యే పెట్రోలే సుమారు పావు లీటరు. దిగేటప్పుడు న్యూట్రల్ వల్ల మిగిలేది అందులో చిన్న భాగం. ఫ్యూయల్ ఇంజక్షన్ బండ్లలో థ్రాటిల్ మూసి గేరులో దిగుతున్నప్పుడు చాలావరకు పెట్రోలు సరఫరా దానంతటదే ఆగుతుంది కనుక ఆ కొంచెం లాభం కూడా లేదు.

టూ స్ట్రోక్ బండ్లకు మాత్రం దిగుడులో ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉండేది. వాటిలో ఇంజనుకు ఆయిలు పెట్రోలుతో కలిసే అందుతుంది. థ్రాటిల్ మూసి చాలాసేపు గేరులో దిగితే ఇంజను వేగంగా తిరుగుతుంది గాని పెట్రోలు రాదు, దానితోపాటు ఆయిలూ రాదు. పిస్టను పట్టేసి వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకునేది. అందుకే అనుభవజ్ఞులు మధ్య మధ్య థ్రాటిల్ కొద్దిగా తెరిచి మూసేవారు. ఇప్పటికీ మిగిలి ఉన్న పాత చేతక్‌లు, మోపెడ్లు నడిపేవారికి ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

దిగుడులో వేగాన్ని నిర్ణయించేది ఇంజను కాదు, మలుపు. 15 మీటర్ల వ్యాసార్థం గల మలుపులో పొడి రోడ్డుపై కూడా గంటకు 34 కి.మీ. దాటితే టైరు పట్టు హద్దుకు చేరుతుంది. వాన, మంచు వల్ల తడిసి ఆ పట్టు సగానికి తగ్గితే ఈ హద్దు 24 కి.మీ.కి పడిపోతుంది. శీతాకాలపు ఉదయాలలో అనంతగిరి పరిసరాలలో దట్టమైన పొగమంచు ఉంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం సాధారణ రోడ్లపై ద్విచక్ర వాహనాలకు గంటకు 60 కి.మీ. గరిష్ఠ పరిమితి ప్రకటించింది గాని, ఘాట్ మలుపులలో అది అనుమతే తప్ప ఆచరణీయం కాదు. ఇరుకు కొండదారిలో దిగే వాహనం ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలన్న రహదారి నియమానికి కారణం కూడా పై లెక్కలలోనే ఉన్నది. ఎక్కుడులో ఆగిన బండిని మళ్ళీ కదిలించడం క్లచ్చుకు, ఇంజనుకు చాలా భారం.

విద్యుత్ స్కూటర్లు

విద్యుత్ మోటారు సున్నా వేగం నుండే పూర్తి బలంతో లాగుతుంది, గాలి పలచబడినా దాని సామర్థ్యం తగ్గదు. కాని పైన చెప్పిన 900 మీటర్ల ఎత్తు ఎక్కడానికే 0.6 కిలోవాట్ గంటల శక్తి కావాలి, మోటారు నష్టాలు దీనికి అదనం. సుమారు 3 కిలోవాట్ గంటల బ్యాటరీ గల స్కూటరు మైదానంలో ఎంత దూరం పోగలదని చెప్పారో, విశాఖపట్నం నుండి అరకుకు అంత దూరం పోదు. చాలాసేపు నిండు భారంపై ఎక్కితే మోటారు, కంట్రోలరు వేడెక్కి, బండి తనంతట తానే వేగాన్ని తగ్గించుకుంటుంది. దిగేటప్పుడు మోటారును జనరేటరుగా వాడి బ్రేకు వేసే సౌకర్యం ఉన్న స్కూటర్లు కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుతాయి. అయితే అరకులో రాత్రంతా ఛార్జింగు పెట్టి, నిండిన బ్యాటరీతో ఉదయాన్నే దిగడం మొదలుపెడితే ఆ శక్తిని నిలువ చేసుకోవడానికి బ్యాటరీలో చోటు ఉండదు. అప్పుడు ఆ విధమైన బ్రేకు పనిచేయదు లేదా బలహీనపడుతుంది. భారమంతా మామూలు బ్రేకులపైనే పడుతుంది. కనుక పై నుండి బయలుదేరేవారు బ్యాటరీని పూర్తిగా నింపకుండా ఉంచడం మేలు.